జీడి మొక్కకు మూడు వేసవుల సాయం కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల్లోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ప్రాంతాల్లో మెట్ట భూముల్లోనూ కొండవాలుల్లోనూ జీడిమామిడి, మామిడి తోటలు కొత్తగా వేసుకుంటున్న రైతులకు ప్రభుత్వం ఇచ్చే రాయితీ గురించి ఒక విషయాన్ని మీ పత్రిక ద్వారా అధికారుల, ప్రజాప్రతినిధుల దృష్టికి తేదలచాను. ఆ రాయితీలో ఎక్కువ భాగం మొక్క నాటిన ఏడాదే ఖర్చయిపోతోంది. మొక్క బతకడానికి డబ్బు నిజంగా కావలసిన వేసవి నెలల్లో రైతు చేతికి వచ్చేది చాలా తక్కువ. ఈ ఒక్క లోపాన్ని సరిచేస్తే, ఇప్పుడు కేటాయిస్తున్న నిధులతోనే ఇంకా ఎన్నో మొక్కలు చెట్లవుతాయని నా నమ్మకం.

మా ప్రాంతం తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఇక్కడ తెలుగు రైతులు, సవర రైతులు, ఒడియా రైతులు గట్టు పక్కన గట్టుగా సేద్యం చేస్తారు. వంశధార, మహేంద్రతనయ పారే పల్లపు భూముల్లో వరి పండుతుంది. ఆ పైన మెట్టలో చోడి, కంది వేస్తారు. ఇంకా పైకి పోతే పోడు. వానల మీదే ఆధారపడిన ఆ పై భూములకు జీడి బాగా సరిపోయింది. ఒకసారి వేరు దిగితే చెట్టు ఎండను తట్టుకుంటుంది, వాలు మీద మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది, ఇరవై ముప్పై ఏళ్లు కాపునిస్తుంది. సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో పలాస ఉంది. అక్కడి జీడిపప్పు పరిశ్రమకు పిక్కల కొరత ఎప్పుడూ ఉండేదే. దేశం మొత్తం మీద చూసినా మన కర్మాగారాలు ఆఫ్రికా దేశాల నుంచి పెద్ద ఎత్తున పిక్కలు దిగుమతి చేసుకుంటున్నాయి. కాబట్టి ఈ కొండ భూముల్లో జీడి వేయమని ప్రభుత్వం ప్రోత్సహించడం ముమ్మాటికీ సరైన పనే. అభ్యంతరమల్లా ఆ ప్రోత్సాహాన్ని పంచిన తీరు మీదే.

2005-06లో మొదలైన జాతీయ ఉద్యాన మిషన్‌ను 2014-15 నుంచి సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో కలిపారు. ఒడిశా వంటి రాష్ట్రాల్లో దీని ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరిస్తాయి. 2014 నాటి మార్గదర్శకాల ప్రకారం, బిందు సేద్యం లేకుండా వేసే జీడితోటకు హెక్టారుకు 50,000 రూపాయలు ఖర్చవుతుందని లెక్కకట్టి, అందులో 40 శాతం, అంటే 20,000 రూపాయలు, మూడు వాయిదాల్లో ఇవ్వాలన్నారు. మొదటి ఏడు 60 శాతం, తరువాతి రెండేళ్లు ఇరవయ్యేసి శాతం. రెండో వాయిదా రావాలంటే 75 శాతం మొక్కలు, మూడో వాయిదా రావాలంటే 90 శాతం మొక్కలు బతికి ఉండాలన్నది షరతు. ఆ తరువాతి కాలంలో అంకెలు మారుతూ వచ్చినా, నాటిన ఏడాదికి పెద్ద ముక్క, మిగిలిన ఏళ్లకు చిన్న ముక్కలు అనే ఆలోచనను మాత్రం మా వైపు రైతులు ఇంకా అలాగే చూస్తున్నారు.

2014 నాటి ఈ లెక్కను ఎకరానికి దించి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. ఏడు మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు సుమారు 200, ఎకరానికి 80 మొక్కలు పడతాయి. ఎకరా రాయితీ సుమారు 8,000 రూపాయలు. అందులో మొదటి ఏడు వచ్చే 4,800 గోతుల తవ్వకానికి, అంటు మొక్కలకు, ఎరువులకే సరిపోదు. రెండో ఏడు వచ్చేది 1,600, మూడో ఏడు మరో 1,600. అంటే ఏడాది పొడవునా ఒక మొక్కను కాపాడడానికి ఆ లెక్కన వచ్చేది ఇరవై రూపాయలు. ఎండాకాలంలో వాగు నుంచి కొండవాలుకు నీళ్లు మోయడానికి ఇరవై రూపాయలకు ఒక పూట కూలి కూడా ఏ ఊళ్లోనూ దొరకదు.

అసలు ఆ మూడేళ్లలో జరిగేదేమిటో కాగితాల మీద కనిపించదు కనుక కొంచెం వివరంగా చెప్పనివ్వండి. జూన్‌లో వానలు పడగానే నాటితే మొక్కకు వేరు దిగడానికి నాలుగు నెలలు దొరుకుతాయి. కానీ మంజూరు కాగితాలు, నర్సరీ సరఫరా ఆలస్యమై మొక్కలు ఆగస్టు చివరిలోనో సెప్టెంబరులోనో ఊరికి చేరిన సందర్భాలు మా రైతులకు బాగా తెలుసు. అలా నాటిన మొక్క వేరు నిలదొక్కుకోకముందే వానలు వెనక్కి పోతాయి. డిసెంబరు, జనవరిలో వరి కోతలు పూర్తయ్యాక పశువులను, మేకలను విచ్చలవిడిగా వదిలేయడం ఇక్కడ పాత ఆచారం. కంచె లేని లేత తోటలో అవి ఒక్క పూట తిరిగితే చాలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పోడు కోసం పెట్టిన మంటలు గాలికి ఎటు పాకుతాయో ఎవరూ చెప్పలేరు. తోట చుట్టూ గడ్డి చెక్కి బాట తీయకపోతే మంట లోపలికి వస్తుంది. ఇవన్నీ దాటిన మొక్కకు పాదు చేసి, ఎండుటాకులు కప్పి, వారానికో తడి ఇవ్వాలి. చెద పట్టకుండా చూడాలి. అంటు కట్టిన చోటుకు కింద నుంచి పుట్టే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లకపోతే పైన ఉన్న మేలైన రకం చచ్చి, కింది నాటు మొక్క పెరుగుతుంది. దూరం నుంచి చూసేవారికి మొక్క పచ్చగానే ఉంటుంది, రైతుకు నష్టం మాత్రం కాపు మొదలయ్యాకే తెలుస్తుంది. మొదటి రెండేళ్లలో వచ్చే పూతనూ తీసేయాలి. మూడో ఏడు కొద్దిగా పిక్క కనిపించినా, ఇల్లు గడిచేంత దిగుబడి రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది.

ఇందులో గమనించవలసినది ఏమిటంటే, మొక్కకు అత్యంత గడ్డుకాలం నాటిన తరువాత వచ్చే మొట్టమొదటి వేసవి. రెండో వాయిదా మాత్రం ఆ వేసవి గడిచి, మొక్కలు లెక్కపెట్టిన తరువాతే వస్తుంది. చేతిలో నాలుగు రూపాయలు ఉన్న రైతు ఆ ఖర్చు భరించి మొక్కలు కాపాడుకుంటాడు, వాయిదా అందుకుంటాడు. లేని రైతు ఆ నెలల్లోనే కూలి పనికి విశాఖపట్నమో, ఇంకా దూరమో వలస వెళ్తాడు. తిరిగి వచ్చేసరికి సగం మొక్కలు ఎండిపోయి ఉంటాయి, రాయితీ ఆగిపోతుంది. పేద రైతు కోసం పెట్టిన పథకం పేద రైతు దగ్గరే ఆగిపోవడం నన్ను ఎక్కువగా బాధిస్తున్న విషయం.

బతికిన మొక్కల షరతు అసలు ఉండకూడదని నేను అనడం లేదు. ప్రజాధనం ఖర్చవుతున్నప్పుడు లెక్క ఉండవలసిందే. కానీ 2014 షరతులోలాగా 80 మొక్కల్లో 60 బతికితే డబ్బు వస్తుంది, 58 బతికితే ఏమీ రాదు అనడం న్యాయం కాదు. 58 మొక్కలను ఆ మొదటి వేసవి దాటించిన మనిషి ఆ 58 మొక్కల సొమ్ముకైనా అర్హుడు కావాలి. మూడో ఏటి 90 శాతాన్ని దేని మీద లెక్కిస్తారో కూడా రైతుకు ముందే చెప్పాలి. మొదట నాటిన సంఖ్య మీదనైతే 80కి 72 ఉండాలి. అంటే రెండో ఏట 60 మిగిలిన రైతు సొంత ఖర్చుతో 12 మొక్కలు తిరిగి నాటుకోవాలి. ఆ మొక్కలకు విడిగా సాయం లేకుండా ఇలాంటి షరతు పెట్టడంలో అర్థం లేదు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదని అనుకోవడానికి వీల్లేదు. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌పామ్ కోసం జాతీయ మిషన్ ప్రకటించినప్పుడు, మొక్కల సాయాన్ని హెక్టారుకు 12,000 నుంచి 29,000 రూపాయలకు పెంచడమే కాకుండా, కాపు రాని నాలుగేళ్లకూ తోట సంరక్షణకు, అంతర పంటలకు ఇచ్చే సాయాన్నీ పెంచింది. పాత తోటల్లో తిరిగి నాటడానికి మొక్కకు 250 రూపాయలు ఇస్తామంది. నిరీక్షణ కాలాన్ని రైతు ఒక్కడే భరించలేడని అక్కడ ఒప్పుకున్నట్టే కదా. ఆయిల్‌పామ్‌కు నీటి వసతి ఉన్న భూమి కావాలి, అది ఉన్న రైతుకు వరి అయినా పండుతుంది. కొండవాలు తప్ప మరేమీ లేని రైతు వేసే జీడికి, మామిడికి ఆ పాటి ఆలోచన ఎందుకు లేదన్నది నా ప్రశ్న.

ఇదే ఆలోచనకు దగ్గరలోనే వేరే ఉదాహరణలు ఉన్నాయి. సరిహద్దుకు అటువైపు ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కింద తోటలు వేసిన చిన్న, సన్నకారు రైతులకు గోతులకు, మొక్కలకే పరిమితం కాకుండా మూడేళ్ల పాటు నీటి తడులకు, సంరక్షణకు చెల్లించే పద్ధతి పాటించారు. నాబార్డు 2003-04లో నెలకొల్పిన గిరిజన అభివృద్ధి నిధితో నడిచిన ‘వాడి’ తోటల్లో, కుటుంబానికి ఎకరం చొప్పున పండ్ల మొక్కలతో పాటు కంచె, నీటి వసతి, అంతర పంటలు, రైతుల సంఘం అన్నీ కలిపి చూశారు. ఒడిశాలోని గిరిజన జిల్లాలకూ ఆ పద్ధతి వచ్చింది. కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు, తెలిసినదాన్ని ప్రధాన పథకంలో చేరిస్తే చాలు.

తుపాను సంగతి విడిగా చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ దెబ్బకు ఉద్దానంలో కొబ్బరి, జీడి కుప్పకూలిన సంగతి పత్రికల్లో విస్తారంగా వచ్చింది. గజపతి కొండల్లో కొండచరియలు విరిగి ప్రాణాలు పోయాయి, తోటలూ పోయాయి. వరి పోతే రైతుకు ఒక పంట నష్టం. పదేళ్ల జీడి చెట్టు వేళ్లతో సహా ఒరిగిపోతే ముందున్న ఇరవై ఏళ్ల ఆదాయం నష్టం. అయినా 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా నిర్ణయించిన కేంద్ర విపత్తు సహాయ ప్రమాణాలు బహువార్షిక పంటలకు 33 శాతం, ఆపైన నష్టానికి హెక్టారుకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే నిర్దేశించాయి. ఒక ఏడాది పూత రాలినా, చెట్టు మొత్తం పోయినా లెక్క ఒకటే. పడిపోయిన చెట్టును కోసి తీయడానికి, మళ్లీ గొయ్యి తీసి నాటడానికి, తిరిగి కాపు వచ్చేదాకా ఇల్లు గడవడానికి ఆ సొమ్ము ఏ మూలకు సరిపోతుంది? కొత్తగా రాయితీ పొందిన తోట మీద తుపాను పడితే, ఆ ఏడాది బతికిన మొక్కల షరతును పక్కనపెట్టి, పోయిన మొక్కల మేరకు నర్సరీ నుంచి ఉచితంగా ఇవ్వాలి. ఏటా అక్టోబరు వచ్చేసరికి ఆకాశం వైపు చూసే జిల్లాల్లో ఇది ప్రత్యేక మినహాయింపుగా కాకుండా పథకంలోనే రాసి ఉండాలి.

ఇక అర్హత విషయం. అటవీ హక్కుల చట్టం, 2006 కింద పట్టా పొందిన సవర కుటుంబాలకు భూమి మీద వారసత్వ హక్కు ఉంది, పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉంటుంది. అయినా ఆ భూములు మామూలు రెవెన్యూ రికార్డులో కనిపించని చోట దరఖాస్తు ముందుకు కదలదు. ఒడిశా భూసంస్కరణల చట్టం, 1960 కౌలును సాధారణంగా అనుమతించదు కాబట్టి కౌలు రైతు పేరు ఎక్కడా ఉండదు. దీర్ఘకాలిక తోట విషయంలో కౌలుదారు చిక్కు తేలికగా విడిపోయేది కాదని నాకు తెలుసు. కానీ అటవీ పట్టాదారు విషయంలో ఏ చిక్కూ లేదు. కలెక్టరు ఇచ్చిన పట్టానే ఆధారంగా తీసుకోవాలని ఒక్క ఉత్తర్వు వస్తే సరిపోతుంది. దరఖాస్తు పత్రం, షరతులు ఒడియాతో పాటు తెలుగులోనూ బ్లాకు కార్యాలయాల్లో అంటిస్తే, సంతకం పెట్టేముందు రైతు తాను దేనికి ఒప్పుకుంటున్నాడో చదువుకోగలుగుతాడు.

ఉద్యాన శాఖ అధికారులను, మా ప్రాంత శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను నేను కోరేది ఇది. రాయితీ సొమ్మును నాటే ఏడాదికి, తరువాతి మూడేళ్లకు ఇంచుమించు సమానంగా పంచాలి. సంరక్షణ వాయిదాను వేసవి అయ్యాక కాకుండా జనవరి నెలాఖరులోగా, నీళ్లకూ కంచెకూ ఉపయోగపడేలా ఇవ్వాలి. బతికిన మొక్కల లెక్క ప్రకారమే చెల్లించాలి గానీ గీత కింద పడినవారికి పూర్తిగా ఆపేయకూడదు. అంటు మొక్కలు జూన్ నెలలోనే, రకం పేరు రాసిన చీటీతో ఊరికి చేరాలి. కేంద్ర మార్గదర్శకాలు అడ్డు వస్తే, తన వాటా నుంచి గానీ జిల్లా ఖనిజ నిధి, గిరిజన సంక్షేమ నిధుల నుంచి గానీ మొదటి వేసవి ఖర్చును రాష్ట్రమే భరించవచ్చు. ఈ లోగా, గత మూడేళ్లలో ఏ పంచాయతీలో ఎన్ని ఎకరాలకు మొదటి వాయిదా ఇచ్చారో, అందులో ఎన్ని ఎకరాలకు మూడో వాయిదా దాకా చేరిందో పంచాయతీల వారీగా ప్రకటించాలని కోరుతున్నాను. ఆ రెండు అంకెలు పక్కపక్కన అచ్చయ్యేలా మీ విలేకరులు కూడా చొరవ తీసుకోవాలని ప్రార్థన.

ఇట్లు,
ఒక జీడి రైతు,
కాశీనగర్ ప్రాంతం, గజపతి జిల్లా, ఒడిశా.