కుక్కర్ కూతల మధ్య వాక్యం

సంఘ పెద్దలకు, అన్నలకు, అక్కలకు ప్రభువు నామంలో వందనాలు.

మొన్న ఆరాధన అయ్యాక ఇద్దరక్కలు అడిగారు, "పొద్దున్నే క్యారేజీలు, బడి బస్సు... బైబిల్ వాక్యం చదవడానికి టైమెక్కడుందమ్మా?" అని. మా ఇంట్లోనూ అదే గోల. మార్కు 1:35లో ప్రభువు ఇంకా చీకటుండగానే లేచి, అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశారు కదా, కాస్త పైన 32, 33 వచనాలు కూడా చూడండి. ముందు రోజు పొద్దుగుంకాక రోగులతో పట్టణమంతా ప్రభువున్న ఇంటి వాకిట్లోనే ఉంది. అంటే అంత అలసట తర్వాత కూడా మర్నాడు తెల్లవారక ముందే లేచారన్నమాట.

మేం చేసేది చెప్తాను. బైబిల్లో సామెతల గ్రంథానికి 31 అధ్యాయాలు. తారీఖు ఎంతైతే ఆ అధ్యాయం. ఒకరోజు తప్పితే వడ్డీతో సహా తీర్చాలనుకోం, మర్నాటిది చదువుకుంటాం. అదీ కుదరకపోతే 119వ కీర్తన. మొత్తం 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. కుక్కర్ మూడు కూతలేసేలోపు ఒక భాగం అయిపోతుంది, నిజంగా! మా చిన్నోడు కూతలు లెక్కపెడతాడు, నేను చదువుతాను.

రాత్రి కుటుంబ ప్రార్థన పది నిమిషాలు చాలు. పిల్లలు నిద్రకు తూగుతుంటే పొడుగు ప్రార్థనలు వద్దు.

ఇంకోటి, పిడికెడు బియ్యం. మిజోరం సంఘాల్లో ఆడవాళ్లు వంట చేసే ప్రతిసారీ గుప్పెడు బియ్యం దేవుని పనికి తీసిపెడతారు, 1910 నుంచీ. మనమూ మొదలుపెడదామా? సరేననేవాళ్లు ఇక్కడ చెప్పండి, ఆదివారం ఖాళీ డబ్బాలు తెస్తాను.