పండ్ల చెట్టు నాటాక నీళ్లు పోసేదెవరు?

సంపాదకులు గారికి,

త్వరగా పెరుగుతుందని ఊరంతా కోనోకార్పస్ అనే అలంకరణ చెట్టు నాటారు. 2022లో తెలంగాణ ప్రభుత్వమే దాన్ని వద్దంది. ఇప్పుడు దాని బదులు వీధుల్లో, పార్కుల్లో పండ్ల మొక్కలు నాటాలంటున్నారు, సంతోషమే. కానీ గింజతో మొలిచిన నేరేడు కాపుకు రావడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. అన్ని ఎండాకాలాలు నీళ్లు పోసేదెవరు?

మా కాలనీ పార్కులో జామ పిందె పట్టీ పట్టకముందే కొమ్మలు విరిచారు. పిల్లల్ని తప్పుపట్టను, పండు కోసమే కదా నాటింది! మా వీధి మామిడినైతే కరెంటు తీగలకు తగులుతోందని పూతతో సహా సగానికి నరికేశారు. రాలిన పూత రెండు రోజులు రోడ్డు మీదే ఉంది, చూడలేకపోయాను.

నేరేడు పండ్లు రోడ్డు మీద చితికితే బండ్లు జారతాయి. కాబట్టి వాటిని పార్కుల లోపల, బడి ఆవరణల్లో నాటాలి. మొక్కల లెక్కతో పాటు ప్రతి పార్కుకూ ఒక తోటమాలిని కూడా ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాద్