మూసి ఉన్న గేటుకు రాలేదని మాకు ‘నో షో’ వేశారు

విజయవాడ,
23 ఆగస్టు 2021.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
(హైదరాబాద్ శివార్లలోని మీ థీమ్ పార్కు)

విషయం: 2021 మే 15 నాటి ఏడు టికెట్ల సొమ్ము రూ. 10,053 వాపసు ఇవ్వకపోవడం గురించి.

అయ్యా / అమ్మా,

మీ కస్టమర్ కేర్‌కు ఇప్పటికి పదకొండుసార్లు ఫోన్ చేశాను. నాలుగు మెయిళ్లు పెట్టాను. ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తుతారు, ప్రతిసారీ నేను మొదటి నుంచి చెప్పుకు రావాలి. అందుకే ఈసారి అంతా కాగితం మీద పెట్టి రిజిస్టర్ పోస్టులో పంపిస్తున్నాను. దీన్ని మధ్యలో హోల్డ్‌లో పెట్టి పాట వినిపించడం మీ వల్ల కాదు.

ముందు లెక్క చెబుతాను. ఏప్రిల్ 18 ఆదివారం రాత్రి మీ వెబ్‌సైట్‌లో మే 15 శనివారానికి టికెట్లు తీసుకున్నాను. పెద్దవాళ్లవి నాలుగు, ఒక్కోటి 1,190 చొప్పున 4,760. పిల్లలవి మూడు, 950 చొప్పున 2,850. మధ్యాహ్నం భోజనం కూపన్లు ఏడు, 250 చొప్పున 1,750. ఇవి కాక టికెట్‌కు 99 చొప్పున ‘తేదీ భరోసా’ పేరుతో 693. మొత్తం 10,053 రూపాయలు. యూపీఐలో కట్టాను. కట్టిన నిమిషంలోనే మీకు ముట్టినట్టు మెసేజ్ వచ్చింది.

ఆ రోజుల్లో టికెట్లు కొనడం తెలివైన పనేనా అని మా ఆవిడ అప్పుడే అడిగింది. తన మాటే నిజమైంది, ఒప్పుకుంటాను. కరోనా కేసులు పెరుగుతున్నాయని పేపర్లు రోజూ రాస్తూనే ఉన్నాయి. తెలంగాణలో పదో తరగతి పరీక్షలు రద్దయి అప్పటికి మూడు రోజులే. కానీ ఏడాది పైగా పిల్లలు ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని చదువుకున్నారు. వేసవిలో ఒక్కరోజైనా నీళ్లలో ఆడిస్తానని మాటిచ్చాను. సూర్యాపేటలో మా బావమరిది వాళ్లు కారెక్కితే అందరం కలిసి వెళ్లాలని అనుకున్నాం. తటపటాయిస్తూనే మీ పేజీ తెరిస్తే, టికెట్ల పైనే పెద్ద అక్షరాల్లో కనిపించింది: పరిస్థితులు ఎలా మారినా మీ డబ్బు భద్రం, 99 కడితే తేదీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఆ మాట చూసి కొన్నాను. అది లేకపోతే కొనేవాణ్ణి కాదు.

కాబట్టి ఈ ఉత్తరంలో అసలు సంగతి ఆ 99 రూపాయలే. మీ సిబ్బంది ప్రతిసారీ ‘ఊహించని పరిస్థితులు సార్, ప్రభుత్వ ఆదేశాలు సార్, మా చేతుల్లో లేదు’ అంటారు. ఊహించనిది ఎలా అవుతుందండీ? మీరు దానికి పేరు పెట్టి, ధర కట్టి, నాకు అమ్మారు. ఆ భయం ఉన్నందుకే ఆ 693 రూపాయలు తీసుకున్నారు. ఆ భయం నిజమైన రోజున మాత్రం అది మీ లెక్కలో లేదంటున్నారు.

నాది వన్‌టౌన్‌లో చిన్న స్టేషనరీ దుకాణం. జూన్‌లో పుస్తకాలకు ప్లాస్టిక్ అట్ట వేసి పది రూపాయలు ఎక్కువ తీసుకుంటాం. అట్ట వేశాక కూడా పుస్తకం తడిసిందని ఒక తల్లి పట్టుకొస్తే, ‘వాన పడిందమ్మా, వాన నా చేతిలో లేదు’ అంటే ఆమె ఊరుకుంటుందా? వీధంతా వినేలా కడిగి పారేస్తుంది.

ఏ రోజు ఏం జరిగిందో చెబుతాను. ఏప్రిల్ 20న తెలంగాణలో రాత్రి 9 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ పెట్టారు. మర్నాడే మీ నుంచి మెసేజ్ వచ్చింది. కర్ఫ్యూ రాత్రికే, పగలు మీ పార్కు తెరిచే ఉంటుంది, నిశ్చింతగా రండి అని. ఏప్రిల్ 26న నేనే ఫోన్ చేసి జూన్‌కు మార్చమని అడిగాను. జూన్ తేదీలు ఇంకా సిస్టమ్‌లో తెరవలేదు, మీ తేదీకి 72 గంటల ముందు దాకా టైముంది, కంగారు పడకండి అన్నారు. కంగారు పడలేదు. మే 5 నుంచి మా ఆంధ్రాలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఉదయం 6 నుంచి 12 వరకే బయట తిరగాలి. దుకాణం ఆ ఆరు గంటలే తీశాను.

మే 11 మధ్యాహ్నం తెలంగాణ మంత్రివర్గం లాక్‌డౌన్ ప్రకటించింది. మర్నాడు ఉదయం 10 నుంచే అమలు, పది రోజులు. అంటే జనానికి దొరికిన వ్యవధి ఒక్క రాత్రి. ఆ రాత్రి మీ వెబ్‌సైట్‌లో తేదీ మార్చబోతే పేజీ తిరుగుతూనే ఉంది. మే 12 ఉదయం 9.40కి మళ్లీ ప్రయత్నిస్తే అభ్యర్థన వెళ్లింది, ‘అందింది’ అని జవాబు కూడా వచ్చింది. మా ప్రవేశ సమయం 15న ఉదయం 11 గంటలు. 72 గంటల గడువు లెక్కేస్తే మే 12 ఉదయం 11. నేను ఇంకా గంటా ఇరవై నిమిషాలు ముందే ఉన్నాను. మే 13న, తదుపరి ప్రకటన వరకు పార్కు మూసివేశాం, మీ టికెట్లు భద్రంగా ఉంటాయి అని మీరే మెసేజ్ పంపారు. దాని స్క్రీన్‌షాట్ జత చేస్తున్నాను.

ఆ వారం సరిహద్దు ఎలా ఉందో మీకు తెలియనిది కాదు. జగ్గయ్యపేట దాటాక గరికపాడు దగ్గర మా వైపు నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వెళ్లే అంబులెన్సులనే ఆపేశారు. హైకోర్టు కల్పించుకుంటే గానీ దారి వదల్లేదు. రోగులకే దారి లేని రోడ్డు మీద వాటర్ స్లైడ్లకు వెళ్తున్నామని చెప్పి మేం ఏడుగురం రావాలా?

దాచడం ఎందుకు, ఇంకో మాట కూడా రాస్తాను. లాక్‌డౌన్ లేకపోయినా మేం ఆ రోజు వచ్చేవాళ్లం కాదేమో. మే 9న మా బావమరిదికి జ్వరం మొదలైంది, పదకొండు రోజులు విడిగా గదిలో ఉన్నాడు. ఇది చెబితే నా వాదన బలహీనపడుతుందని మా అబ్బాయి అన్నాడు. నాకు అలా అనిపించలేదు. భరోసా అని డబ్బు కట్టింది సరిగ్గా ఇలాంటి వాటికే. పైగా మా ఇంట్లో ఎవరికి ఏమైనా, 15వ తేదీన మీ గేటు తెరిచి లేదు.

జూలై 2న మీ మెయిల్ వచ్చింది. డబ్బు బదులు వౌచర్ ఇస్తామన్నారు. సోమవారం నుంచి గురువారం వరకే చెల్లుతుంది. సెప్టెంబరు 30 లోపు వాడుకోవాలి. కొత్త ధరకూ పాత ధరకూ తేడా మేమే కట్టాలి. భోజనం కూపన్లు ఇందులోకి రావు. తేదీ భరోసా రుసుము ‘వినియోగమైపోయినట్టు’ లెక్క. దాన్ని ఎప్పుడు, ఎక్కడ వినియోగించుకున్నానో మీరే చెప్పాలి.

ఈ వౌచర్‌తో మేం రావాలంటే ఎలా ఉంటుందో చూడండి. మా దగ్గర బడులు ఆగస్టు 16న తెరిచారు. ఏడాదిన్నరగా అతుకుల చదువు చదివిన పిల్లల్ని మళ్లీ బడి మొదలైన నెలలోనే మంగళవారం మాన్పించి ఆటలకు తీసుకురావాలి. నా దుకాణానికి ఏడాదిలో బేరం జరిగేది ఈ నాలుగు వారాలే, అది మూసుకోవాలి. మీ పార్కు సాయంత్రం మూశాక బయల్దేరితే విజయవాడ చేరడానికి అయిదు గంటలు. మా వైపు ఇంకా రాత్రి కర్ఫ్యూ ఉంది. కాబట్టి హైదరాబాద్‌లో రెండు గదులు తీసుకుని పడుకోవాలి. పదివేల టికెట్లు కాపాడుకోవడానికి ఇంకో ఆరేడు వేలు పెట్టాలన్నమాట.

ఇందులో నవ్వొచ్చేది ఒకటుంది. మీరు పిల్లల టికెట్టు వయసును బట్టి కాక ఎత్తును బట్టి ఇస్తారు. ఏప్రిల్‌లో మా పెద్దమ్మాయిని గోడకు నిలబెట్టి కొలిస్తే మీ గీతకు వేలెడు కిందే ఉంది. ఇప్పుడు గీత దాటింది. లాక్‌డౌన్‌లో మా ఇంట్లో సజావుగా సాగిన పని అదొక్కటే. వౌచర్ మీద ఆమెకు పెద్దవాళ్ల ధర కట్టాలని మీ ఉద్యోగి చెప్పారు. మీరు గేటు మూసి ఉంచిన నెలల్లో పిల్ల పెరిగినందుకు కూడా నా దగ్గరే వసూలు చేస్తారా?

వౌచర్ వద్దు, డబ్బు వాపసు ఇవ్వండి అని జూలై 3న రాశాను. జవాబు లేదు. ఆగస్టు 10న యాప్ తెరిస్తే మా ఏడు టికెట్ల పక్కన ఎర్ర అక్షరాల్లో ‘నో షో’ అని ఉంది. ఫోన్ చేస్తే, 30 రోజుల్లో వౌచర్ ఒప్పుకోలేదు కాబట్టి సిస్టమ్ దానంతటదే అలా వేస్తుందట. మే 15న రానివాళ్ల కింద లెక్కట, అందుకని రీఫండ్ రాదట. సార్, ఆ రోజు మీరు కూడా రాలేదు. మీ టికెట్ కౌంటరు రాలేదు, రైడ్లు నడిపే మనుషులు రాలేదు. ఎవరూ లేని చోటికి రాలేదని గైర్హాజరు వేసిన రిజిస్టరు నేనెక్కడా చూడలేదు. పదకొండు ఫోన్లకు పట్టిన ఓపిక ఈ రెండు మాటల దగ్గర తెగిపోయింది.

నేను లాయర్ని కాను. తెలిసిన వకీలు గారిని అడిగి కొన్ని తెలుసుకున్నాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకున్న పని తర్వాత చేయడానికి వీల్లేకుండా పోతే ఆ ఒప్పందం చెల్లదు. 65వ సెక్షన్ ప్రకారం, అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద లాభం పొందినవారు దాన్ని తిరిగి ఇవ్వాలి. నిరుడు లాక్‌డౌన్‌లో రద్దయిన విమాన టికెట్ల సొమ్ము వాపసు గురించి సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న తీర్పిచ్చింది. తర్వాతి ప్రయాణానికని విమాన సంస్థల దగ్గరే ‘క్రెడిట్ షెల్’ పేరుతో ఉంచిన డబ్బుకు నెలనెలా కొంత కలపాలని కూడా చెప్పింది. అది విమానాల సంగతి, మీకు నేరుగా వర్తిస్తుందని నేను అనడం లేదు. కానీ అక్కడ ఆగిన డబ్బు విలువ పెరగాలన్నారు. మీ వౌచర్‌లో నా డబ్బు భోజనం పోయి, భరోసా పోయి, వారాంతం పోయి తరుగుతూ వస్తోంది.

2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం కింద నేను హైదరాబాద్ దాకా రానక్కర్లేదు. నేనున్న ఊళ్లోనే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. అయిదు లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. సరిహద్దు దాటే పని లేకుండా పోయింది.

నేను అడిగేవి రెండే. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో 10,053 రూపాయలూ కట్టిన ఖాతాకే తిరిగి వేయండి. భోజనం కూపన్లు, తేదీ భరోసా కూడా అందులోనివే, వాటిని విడదీయవద్దు. రెండోది, మా పేర్ల పక్కన ఉన్న ‘నో షో’ తీసేసి, మే 15న పార్కు మూసి ఉన్నట్టు రాసి నాకు మెయిల్ పంపండి. మానసిక వేదన కింద ఇంత అంత అని ఇప్పుడు అడగడం లేదు. కమిషన్ దాకా వెళ్తే వకీలు గారు అడుగుతారు.

మీ కాల్ సెంటర్‌లో ఆగస్టు 10న నాతో మాట్లాడిన అమ్మాయి మీద చర్య తీసుకోవద్దు. ‘నా చేతిలో ఉంటే ఇచ్చేసేదాన్ని సార్’ అంది. ఎవరి చేతిలో ఉందో వాళ్లకు చేరాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

జత చేసినవి: ఏప్రిల్ 18 నాటి రసీదు, యూపీఐ చెల్లింపు వివరం, ఏప్రిల్ 21, మే 13 తేదీల్లో మీరు పంపిన మెసేజ్‌లు, మే 12 ఉదయం 9.40 నాటి అభ్యర్థనకు మీ జవాబు, జూలై 2 నాటి వౌచర్ మెయిల్, జూలై 3 నాటి నా జవాబు, ఆగస్టు 10 నాటి యాప్ స్క్రీన్‌షాట్.

ఇట్లు,
(సంతకం)
వన్‌టౌన్, విజయవాడ.