2024–25 వార్షిక నివేదిక: నీలం డ్రమ్ముల ఏడాది

కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక వీధిలైట్లతో మొదలై వినాయక చవితి ఖర్చులతో ముగుస్తుంది. ఈసారి వాటిని చివరికి నెట్టాను. ఏడాది పొడవునా కార్యవర్గానికి పని పెట్టినవి నీళ్ల డ్రమ్ములు, వాటి మీది లేబుళ్లు. ముందు ఆ సంగతి.

పరవాడ ఫార్మా సిటీ చుట్టుపక్కల ఉండేవాళ్లకు 200 లీటర్ల నీలం డ్రమ్ము గురించి చెప్పక్కర్లేదు. వారానికి రెండుసార్లు ట్యాంకర్ వచ్చే మన వీధుల్లో అది లేని ఇల్లు లేదు. కొత్తది కొనడం భారం కాబట్టి స్క్రాప్ కొట్లో పాతది తెచ్చుకుంటాం. మే నెలలో ఓ సాయంత్రం మూడో లైన్లో ఒక సభ్యురాలు అలా తెచ్చిన డ్రమ్మును వాకిట్లో పెట్టి కొబ్బరి పీచుతో రుద్దుతున్నారు. సగం చిరిగిన కాగితం ఇంకా వదల్లేదు. ఎర్ర అంచు డైమండ్, లోపల ఒక చెయ్యి, దాని మీద గాజు గొట్టంలోంచి పడుతున్న చుక్కలు. ఇదేంటమ్మా అని అడిగాను. "చేతులు కడుక్కుని ముట్టుకోమని కాబోలు అన్నయ్యా" అన్నారు.

ఆ బొమ్మకు అర్థం, చర్మాన్నీ లోహాన్నీ తినేసే ద్రవం అని. పేరు ఉండాల్సిన చోట కాగితం చిరిగిపోయింది. అందులో ఇంతకుముందు ఏముండేదో కొన్నవాళ్లకే కాదు, అమ్మినవాళ్లకీ తెలియదు. నిజం చెప్పాలంటే ఆ బొమ్మ సంగతి నాకూ ఆ రాత్రి ఫోన్‌లో వెతికితేనే తెలిసింది. పదేళ్లుగా అలాంటి డ్రమ్ముల ఇన్‌వాయిస్‌లు రాస్తున్నవాణ్ణి.

జూన్‌లో రెండు ఆదివారాలు ఇంటింటికీ తిరిగాం. లేబుల్ పూర్తిగా ఉన్న డ్రమ్ములను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ గీకేసినవో, పెయింట్ కొట్టినవో. కొన్నింటి మీద మంట బొమ్మ కనిపించింది. ఒకదాని మీద మనిషి ఛాతీలో నక్షత్రం పగిలినట్టున్న బొమ్మ ఉంది. కేన్సర్, గర్భానికి హాని, అవయవాలు దెబ్బతినడం లాంటివి, అంటే వెంటనే కాకుండా ఏళ్ల తర్వాత బయటపడే జబ్బులు కూడా ఆ గుర్తు కిందికే వస్తాయి. దాంట్లో తాగే నీళ్లు పట్టలేదని, స్నానానికే వాడామని ఆ ఇంటివాళ్లు చెప్పారు. వాళ్లింట్లో ఎనిమిది నెలల పాప ఉంది.

స్క్రాప్ కొట్టు ఆయన "మూడుసార్లు కడిగే అమ్ముతున్నాం కదండీ" అన్నారు. కడిగితే లోపలి గోడ నున్నగానే కనిపిస్తుంది. కానీ ఈ ప్లాస్టిక్ కొన్ని సాల్వెంట్లను, అంటే వేరే పదార్థాలను కరిగించే ద్రవాలను పీల్చుకుంటుంది, తర్వాత పోసిన నీళ్లలోకి కొద్దికొద్దిగా వదులుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ము కూడా ప్రమాదకర వ్యర్థమే. ఆయనతో మేం గొడవ పడలేదు. ఆయనకీ ఎవరో అమ్మితేనే కదా వచ్చాయి.

సంఘం నిధితో కొత్త డ్రమ్ములు హోల్‌సేల్‌గా తెచ్చి ఆరు వాయిదాల్లో ఇచ్చాం. ఇంకా కొందరు వాయిదాలు కట్టాలి. పేర్లు రాయడం లేదు, వాళ్లకి తెలుసు. పాత డ్రమ్ములు హాలు వెనక పేర్చి ఉన్నాయి. తిరిగి అమ్మితే పక్క కాలనీకి చేరతాయి కాబట్టి అడుగున రంధ్రాలు చేసి ఉంచాం. వాటిని ఎవరికి అప్పగించాలో చెప్పమని సంబంధిత కార్యాలయానికి రాశాం. జవాబు రావాల్సి ఉంది.

ఇంతలో ఆగస్టు 21 వచ్చింది. అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా యూనిట్‌లో సాల్వెంట్ లీకై, ఆవిరి అంటుకుని పేలింది. 17 మంది పోయారు. మన హాల్లో సంతాప సభ పెట్టినప్పుడు ఒక పెద్దాయన లేచి, "మీరు బొమ్మలు నేర్పితే పేలకుండా ఉంటుందా బాబూ?" అని అడిగారు. ఉండదు. పైపు లీకును కాగితం ముక్క ఆపలేదు, అది యాజమాన్యం చూసుకోవాల్సిన పని. ఆ మాట నేను సభలోనే ఒప్పుకున్నాను. కానీ 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చి 12 మంది ప్రాణాలు పోయినప్పుడు, ఆ పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేలబారున పాకుతుంది. ఒక్కో రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే కాగితం, కంపెనీలో ఉండే సేఫ్టీ డేటా షీట్‌లో రాసి ఉండే విషయమే ఇది, గేటు దాటి బయటికి రాదు. ఆ సభలోనే తరగతులు పెట్టాలని తీర్మానం చేశాం.

సెప్టెంబరు నుంచి ఏడు ఆదివారాలు జరిగాయి. రిటైరైన సేఫ్టీ ఆఫీసర్ ఒకాయన డబ్బు తీసుకోకుండా వచ్చి చెప్పారు. మొదటి రోజు పదకొండు మంది, అందులో ముగ్గురు టీ కోసం వచ్చినవాళ్లే. మూడో వారానికి కుర్చీలు చాలలేదు.

ఆయన చెప్పినదాంట్లో ముఖ్యమైనవి రాస్తున్నాను. ఒకప్పుడు ఒకే రసాయనానికి ఒక్కో దేశంలో ఒక్కో రకం గుర్తు ఉండేది. అందరికీ ఒకటే పద్ధతి ఉండాలని ఐక్యరాజ్యసమితి 2003లో జీహెచ్‌ఎస్ అనే విధానాన్ని ప్రచురించింది. ఎర్ర అంచు డైమండ్‌లో నల్ల బొమ్మలు, మొత్తం తొమ్మిది. బొమ్మతో పాటు రసాయనం పేరు, 'డేంజర్' లేదా 'వార్నింగ్' అన్న మాట, ఏం హాని చేస్తుంది, ఏం జాగ్రత్త పడాలి, తయారుచేసింది ఎవరు అన్నవి ఉండాలి. 'డేంజర్' అంటే రెండింట్లో పెద్దది. మంట బొమ్మకీ, గుండ్రం మీద మంట ఉన్న బొమ్మకీ తేడా చూడాలి. మొదటిది తానే అంటుకునేది, రెండోది పక్కనున్నదాన్ని మరింత మండించేది. ఆ రెండు రకాల డ్రమ్ములనూ పక్కపక్కన పెట్టకూడదు.

అసలు గొడవ నాలుగో వారం వచ్చింది. ఒక కుర్ర ఆపరేటర్ "మా డ్రమ్ము కాగితాల్లో కేటగిరీ 1 అని ఉంది, అంటే తక్కువ ప్రమాదమే కదా సార్" అన్నాడు. అతను ట్యాంకుల మీద ఉండే నాలుగు రంగుల గళ్ల డైమండ్‌ను దృష్టిలో పెట్టుకుని అన్నాడు. అది అమెరికా అగ్నిమాపక పద్ధతి, ఎన్‌ఎఫ్‌పీఏ. దాంట్లో 0 అంటే ప్రమాదం లేదు, 4 అంటే అన్నిటికన్నా ఎక్కువ. జీహెచ్‌ఎస్ కేటగిరీల్లో లెక్క తలకిందులు, 1 అంటేనే అన్నిటికన్నా ఎక్కువ. ఒకే షెడ్‌లో ట్యాంకు మీద ఒకటి, డ్రమ్ము కాగితాల్లో ఇంకొకటి ఉంటే ఇంటర్ చదివిన కుర్రాడు తికమక పడటంలో వింతేముంది? ఆ రోజు తరగతి గంటన్నర ఎక్కువ సాగింది.

డేటా షీట్‌లో 16 భాగాలుంటాయి. అన్నీ చదవలేకపోతే 2, 4, 7, 8 చదవమన్నారు: ప్రమాదాలు, ప్రథమ చికిత్స, వాడకం–నిల్వ, ఒంటికి రక్షణ. పేరు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఆయన హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉదాహరణ ఇచ్చారు. మామూలు యాసిడ్ కాలినట్టే అనిపించినా అది లోపల కాల్షియంను లాగేస్తుంది, దానికి కాల్షియం గ్లూకోనేట్ జెల్ పూయాలి. 'యాసిడ్ పడింది' అని మాత్రమే చెబితే డాక్టరుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? మా బావమరిదికి రెండేళ్ల కింద చేతి మీద ఏదో పడితే క్యాజువాలిటీలో మేం చెప్పింది అదే, యాసిడ్ అని. నిజానికి అది కాస్టిక్, అంటే యాసిడ్‌కు విరుద్ధమైన క్షారం. పేరు కనుక్కోవడానికి సూపర్‌వైజర్‌కు చేసిన ఫోన్లు ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపులో చాలామంది తాము ముట్టుకునే ప్రతి డ్రమ్ము లేబుల్‌నూ ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపి ఉంచుతున్నారు. ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వని చోట పేరు కాగితం మీద రాసుకుని వస్తున్నారు.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు 111ఎ సెక్షన్ వచ్చింది. పని చేసే చోట ఆరోగ్యం, భద్రత గురించిన సమాచారం అడిగి తీసుకోవడం కార్మికుడి హక్కు అని అది చెప్పింది. 1989 రసాయనాల నియమాలు లేబుల్, డేటా షీట్ ఉండాలంటాయి. వీటిని ఉటంకిస్తూ చుట్టుపక్కల యూనిట్లకు ఉత్తరాలు రాశాం. రెండు స్పందించి తెలుగు పోస్టర్లు పెట్టాయి. మిగతా వాటినుంచి ఉలుకూ పలుకూ లేదు. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు సంతకం పెట్టడానికి భయపడ్డారు, వాళ్లని బలవంతం చేయలేదు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్ల కోసం కరపత్రాన్ని ఒడియా, హిందీల్లోనూ వేశాం.

ఇక అన్నిటికన్నా చవకైన కార్యక్రమం. బాత్రూం కడిగే యాసిడ్‌ను నేనే ఒక నీళ్ల సీసాలో పోసి గూట్లో పెట్టాను. ఓ రాత్రి మా నాన్న దాన్ని అందుకుని మూత తీశారు. ఘాటు ముక్కుకు తగిలి ఆగారు. తర్వాతి వారమే ఇంటికో మాస్కింగ్ టేపు, ఒక మార్కర్ పంచాం. ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి ఏది పోసినా పేరు రాసి అంటించాలి. కూల్‌డ్రింక్ సీసాల్లో అసలు పోయకూడదు. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపితే క్లోరిన్ వస్తుందని కూడా అదే కాగితం మీద ఉంది. ఊళ్లో పొలాలున్నవాళ్లకు ఇంకొక్క మాట: పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విషం తీవ్రతను బట్టి వేసేవి. ఆకుపచ్చ అంటే తక్కువ విషం అనే తప్ప విషం లేదని కాదు.

వీధిలైట్లు: ఐదో లైన్లో మూడు తప్ప అన్నీ వెలుగుతున్నాయి. చవితి ఖర్చు బడ్జెట్ లోపే ముగిసింది. జమాఖర్చుల పట్టిక హాలు బయట బోర్డు మీద ఉంది, అభ్యంతరాలుంటే సర్వసభ్య సమావేశంలో అడగండి.

ఈ ఏటి డ్రమ్ముల తనిఖీ జూన్ మొదటి ఆదివారం. ఖాళీ చేసి ఉంచనక్కర్లేదు, లేబుల్ ఉన్న వైపు వీధికి తిప్పి పెడితే చాలు.

– కార్యదర్శి