క్యాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంఘం, కర్నూలు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన నియమాల ప్రకారం ఈ నివేదిక సర్వసభ్య సమావేశానికి పది రోజుల ముందే మీ చేతికి రావాలి. నాలుగు రోజుల ముందు ఇస్తున్నాను, క్షమించండి. మధ్యలో మా చిన్నోడికి జ్వరం వచ్చి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. మన సంఘంలో ఈ కారణం చెబితే ఇంకెవరూ వివరం అడగరు. అదొక్కటే సౌకర్యం.

ఈ ఏడాది ఏం చేశామంటే, ముందు ఓర్వకల్లు ప్రయాణం గురించే రాయాలి. పిల్లలతో ఒక్కరోజు ఊరి బయటికి పోవాలని గత సమావేశంలో తీర్మానం చేశాం కదా. దసరా సెలవుల్లో అనుకుంటే వానలు. కార్తీకంలో ఆదివారాలు ఎక్కడ చూసినా వనభోజనాల జనం, ఆ గుంపులోకి మన పిల్లల్ని తీసుకుపోలేం. చివరికి డిసెంబరులో, అదీ ఒక మంగళవారం ఖాయం చేశాం. మంగళవారం ఎవరైనా బయలుదేరతారా అని ఒక అవ్వ గట్టిగానే అడిగింది. ఏం చేస్తాం, మనకు ముహూర్తం పెట్టేది ల్యాబు వాళ్లే.

రెండు రోజుల ముందు అందరికీ సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష, చేయించాం. డాక్టరు గారి సలహా మీద ఏఎన్‌సీ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాల లెక్క) వెయ్యి దాటిన పిల్లలనే తీసుకుపోవాలనుకున్నాం. ఇరవై ముగ్గురు పేర్లిస్తే పదిహేడు మందికి కౌంటు సరిపోయింది. మిగిలిన ఆరుగురి ఇళ్లకు ఫోన్ చేసే పని నా మీద పడింది. ఒక పాప అప్పటికే సంచి సర్దుకుని, కొత్త టోపీ పెట్టుకుని కూర్చుందట. ఈ పదవిలో నాకు చేతకాని పని ఏదన్నా ఉందంటే ఆ ఫోన్లే.

ఓర్వకల్లు రాక్ గార్డెన్ మనకు ఇరవై కిలోమీటర్ల దూరం. ఎంతమంది ఎన్నిసార్లు నంద్యాల బస్సులో దాని ముందు నుంచి పోయామో. లోపలికి మాత్రం మనలో సగం మంది ఎప్పుడూ పోలేదు. ఎండ ముదరకముందే తిరిగి రావాలని ఏడింటికే బయలుదేరాం. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న పిల్లలు రాళ్లెక్కకూడదని ముందే చెప్పాం. పడితే రక్తం త్వరగా ఆగదు. వాళ్లు నీళ్ల పక్కన కూర్చుని గులకరాళ్లు విసిరారు. ఎవరి రాయి ఎక్కువ దూరం పోయిందన్న తగాదా వచ్చే దారంతా తెగలేదు. ఆ కొట్లాట వింటూ ఒక తండ్రి, ‘వీడు ఇంత గట్టిగా అరిచి ఏడు నెలలైంది’ అన్నాడు.

తిండి గురించి వివరంగా రాస్తున్నా, ఎందుకంటే వచ్చేసారి బాధ్యత తీసుకునేవాళ్లకు పనికొస్తుంది. ఉగ్గాని చేయించాం. బొరుగులు నానేసి పిండే నీళ్లు కూడా కాచి చల్లార్చినవే ఉండాలని, పైన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర చల్లకూడదని పట్టుబట్టింది టిఫిన్ బండి నడిపే మన సభ్యుడు. తెల్లవారుజామున మూడింటికి లేచి ఆయనే అంతా వండాడు. ఆయన పాప సెప్టెంబరులో మనకు దూరమైంది. రమ్మని మేం అడగలేదు, అడిగే ధైర్యం కూడా లేదు. వంట లిస్టులో ఆయనే పేరు రాసుకున్నాడు. మిరపకాయ బజ్జీ లేని ఉగ్గాని ఏం ఉగ్గాని అని ఇద్దరు పెద్దమనుషులు గొణిగారు. నోటిపూతతో మజ్జిగ కూడా మంటపుట్టే పిల్లల ముందు మిరపకాయ బజ్జీ ఎట్లా తింటారండీ? అందరికీ అరటికాయ బజ్జీలే వేయించాం. ఆకలి పెంచే స్టెరాయిడ్ మాత్రలు నడుస్తున్న ఒక పిల్లాడు మూడు ప్లేట్లు ఖాళీ చేసి నాలుగోది అడిగాడు. బస్సు డ్రైవరు చూసి, ‘ఇంత బాగా తింటున్నాడు, వీడికేం జబ్బమ్మా’ అన్నాడు. వాళ్లమ్మకు నవ్వాగలేదు, మాకూ ఆగలేదు.

బస్సులో ప్రతి సీటుకూ శానిటైజరు, మొత్తం మీద నాలుగు థర్మామీటర్లు పెట్టాం. 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసి చూద్దాం అనకుండా నేరుగా ఆస్పత్రికి పోవాలన్నది మనందరికీ తెలిసిన మాటే. అందుకని ఒక కారు వెంట పెట్టుకున్నాం. అది రోజంతా చెట్టు కింద ఊరికే నిలబడింది. దాని బాడుగ దండగ అని ఎవరన్నా అడిగితే, దండగ కావాలనే మొక్కుకుని మరీ పెట్టాం.

ఒక పొరపాటు నాది. ఎయిర్‌పోర్టు పక్కనే కదా, విమానం కనబడుతుందని పిల్లలకు ఆశ పెట్టాను. మేమున్నంతసేపూ ఒక్క విమానం రాలేదు, పోలేదు. సర్వీసు టైములు ముందే కనుక్కోవాల్సింది. ఓ బుడ్డోడు ఇప్పటికీ నన్ను చూస్తే ‘ఏది ఆంటీ విమానం’ అంటున్నాడు.

ఇంకో మాట నివేదికలో రాయొచ్చో లేదో తెలియదు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూడా తీసుకురావాలని కమిటీలో పట్టుబట్టింది నేనే. సీట్లు చాలవన్నారు, ఖర్చన్నారు. చిన్నోడికి ఏఎల్‌ఎల్ అనే రక్త క్యాన్సర్ అని తెలిసిన రోజు నుంచి మా పెద్దమ్మాయి ఎమ్మిగనూరులో వాళ్ల అవ్వ దగ్గరే ఉండి చదువుతోంది. ఈ మందులు రెండు మూడేళ్లు నడుస్తాయి, అన్నాళ్లూ ఇంట్లో రెండో బిడ్డ సంగతి అడిగేవాళ్లుండరు. ఆ రోజు బస్సులో అది నా పక్కన కిటికీ సీటు పట్టుకుంది. చిన్నోడు వాళ్ల నాన్న దగ్గర కూర్చున్నాడు. వాళ్ల క్లాసులో జరిగినవన్నీ చెప్పుకుంటూ వచ్చింది, జూన్ నుంచీ. నేను మధ్యలో ఒక్కసారి కూడా ఫోన్ తీయలేదు.

ఇక రక్తదానం. వాట్సాప్ గ్రూపులో ‘రెడీ’ అని పేరు పెట్టిన దాతలు అరవై మందికి పైగా ఉన్నారు. మార్చిలో ఒక రాత్రి ప్లేట్‌లెట్లు అవసరమై వరసగా ఫోన్లు చేస్తే ఎత్తింది ముగ్గురు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, ముందే తెచ్చి దాచుకునే వస్తువు కాదని ఎన్నిసార్లు చెప్పాలి? బొటనవేలు బొమ్మ పెట్టడం సులభమే. ఆ రాత్రి ఆదుకున్నది పాతబస్తీ కుర్రాళ్లు. రంజాన్ ఉపవాసం విడిచి, తిని, కాస్త ఆగి, నలుగురు బైకుల మీద వచ్చారు. అందులో ఇద్దరివి సరిపోయాయి. వాళ్లకు సంఘం తరఫున చేతులెత్తి మొక్కుతున్నాను.

బడుల విషయంలో పెద్దగా సాధించిందేమీ లేదు. ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు ‘మిగతా పిల్లలకు అంటుకుంటుందేమో’ అని మన పాపను ఇంట్లోనే ఉంచమన్నారు. నేను, కోశాధికారి వెళ్లి ఇది అంటుకునే జబ్బు కాదని, రోగనిరోధక శక్తి తగ్గిన మన పిల్లలకే ఇతరుల జబ్బులు అంటుకుంటాయని, నిజానికి భయం మన వైపే ఉందని, క్లాసులో ఎవరికన్నా ఆటలమ్మ వస్తే వెంటనే మాకు ఫోన్ చేయాలని చెప్పి వచ్చాం. పాపను చేర్చుకున్నారు గానీ, వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టారట. మళ్లీ పోవాలి. నాతో ఎవరొస్తారో చెప్పండి.

ఫిబ్రవరి 15న అంతర్జాతీయ బాలల క్యాన్సర్ దినం జరిపాం. పదింటికి వస్తానన్న అధికారి పన్నెండున్నరకు వచ్చి, ఏడు నిమిషాలు మాట్లాడి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. మాస్కులు పెట్టుకుని అంతసేపు కూర్చున్నది పిల్లలు. వచ్చే ఏడాది ముఖ్య అతిథి వద్దని నా అభిప్రాయం. మందుల కోర్సు పూర్తయిన పిల్లల చేత జ్యోతి వెలిగిద్దాం.

రైలు రాయితీ గురించి ఇంకా చాలామందికి తెలియదు. చికిత్సకు హైదరాబాదుకో వెల్లూరుకో పోయేటప్పుడు స్లీపరులో బిడ్డకు టికెట్ ఉచితం, తోడు పోయే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రి సంతకం ఉన్న ఫారం కావాలి. మందుల ఖర్చు ప్రభుత్వ వైద్య సేవ కార్డు మీద జరిగిపోయినా, దారి ఖర్చులు, పోయిన కూలి రోజులు ఎవరూ ఇవ్వరు కదా. ఖాళీ ఫారాలు నా దగ్గరున్నాయి.

జమాఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది, లెక్కలు తనిఖీ అయ్యాయి. నెలకు వంద రూపాయల చందా బాకీ ఉన్నవాళ్లు ఉన్నారు. ఇంట్లో పరిస్థితి బాగాలేనివాళ్లను అడగం. మిగతావాళ్లు ఎవరో వాళ్లకే తెలుసు.

ఈ ఏడాది ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్నాం. తల్లిదండ్రులు వద్దన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు. సమావేశం మొదట్లో రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. ఆ కుటుంబాలు సభ్యులుగానే ఉంటాయి, వాళ్ల దగ్గర చందా తీసుకోం.

బస్సు తక్కువ బాడుగకు ఇచ్చిన యజమానికి, సెలవు పెట్టుకుని మాతో వచ్చిన ఇద్దరు నర్సమ్మలకు, టోపీలు కుట్టించి ఇచ్చిన దర్జీ అన్నకు, మందుల క్యాలెండర్లు ఉచితంగా అచ్చు వేసిన ప్రెస్సు వారికి, వారానికి ఒక్కసారే వేయాల్సిన మెథోట్రెక్సేట్ మందు రోజును ఆ క్యాలెండర్లలో ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టిన కాలేజీ పిల్లలకు కృతజ్ఞతలు. వస్తామని పేరిచ్చి ఓర్వకల్లు పొద్దున ఫోన్ ఆపేసిన ఐదుగురు వాలంటీర్లకు కూడా నమస్కారం.

వచ్చే చలికాలం బెలుం గుహలకు పోదామని పిల్లలు అంటున్నారు. లోపల ఉక్క, గాలి తక్కువ, డాక్టరు గారిని అడగాలి. యాగంటి అయితే మెట్లు, జనం. సమావేశంలో మాట్లాడుకుందాం. ఎక్కడికైనా సరే, పేరిచ్చేవాళ్లు తోబుట్టువుల పేర్లు కూడా కలిపి ఇవ్వండి, సీట్లు ముందే లెక్క వేసుకోవాలి. ఈసారి విమానాల టైములు కూడా కనుక్కుని పెడతాను.

ఇట్లు,
కార్యదర్శి