చెత్తంతా బ్యాటరీకి పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

జీవ వ్యర్థాల నుంచి తీసిన కార్బన్‌తో, లిథియానికి బదులు సోడియంతో పనిచేసే సోడియం అయాన్ బ్యాటరీలు చేయవచ్చన్న వార్తలు ఈమధ్య తరచుగా వస్తున్నాయి. విషయం నిజమే గాని, అవి చదివిన మా ఇరుగుపొరుగువారు నగరంలోని చెత్తంతా రేపోమాపో బ్యాటరీలైపోతుందని నమ్ముతున్నారు. చాలాకాలం రసాయనశాస్త్రం బోధించినవాడిగా ఒక సంగతి విన్నవించుకుంటాను.

లిథియం బ్యాటరీల్లో వాడే గ్రాఫైట్ అనే కార్బన్ పొరల మధ్య సోడియం నిలకడగా ఇమడదు. దానికి పొరలు అస్తవ్యస్తంగా, కాస్త ఎడంగా ఉండే హార్డ్ కార్బన్ కావాలి. గ్లూకోజ్ నుంచి తీసిన అలాంటి కార్బన్ గ్రాముకు సుమారు 300 మిల్లీఆంపియర్ గంటల విద్యుత్తు నిల్వకు సరిపడే సోడియంను ఇముడ్చుకుంటుందని 2000లో స్టీవెన్స్, డాన్ అనే శాస్త్రవేత్తలు చూపారు. కొబ్బరి చిప్ప, వేరుశనగ పొట్టు వంటివాటిని గాలి సోకకుండా 1000 డిగ్రీలకు పైగా వేడిచేసినా ఈ రకం కార్బనే వస్తుంది. కంసాలి కుంపట్లోని చిప్ప బొగ్గుకు ఇది చుట్టమే, కానీ రెండూ ఒకటి కావు.

చిక్కంతా కార్బన్‌లో కలిసి మిగిలే బూడిదతోనే. ఊకను కాలిస్తే దాని బరువులో దాదాపు అయిదో వంతు బూడిదగా మిగులుతుంది, అందులో అధిక భాగం ఇసుకలో ఉండే సిలికాయే. దాన్ని క్షారంతో కడిగి తొలగించాలి. ఒకే రకం వ్యర్థమైతే ఏది, ఎంత కడగాలో ముందే తెలుస్తుంది. నాలుగు రకాలు కలిసిన కుప్పలో ఈరోజు వచ్చిన కార్బన్ రేపు రాదు, అలాంటి సరుకును ఏ బ్యాటరీ తయారీదారూ ముట్టుకోడు.

తార్నాకలో మా వీధి మలుపున కొబ్బరి బొండాల బండి ఉంది. మధ్యాహ్నానికల్లా దాని వెనుక ఖాళీ బొండాలు నడుమెత్తు పేరుకుంటాయి. అన్నీ ఒకే సరుకు, ఏరే పనే లేదు. సాయంత్రం చెత్త బండి వచ్చి వాటిని ఎంగిలి విస్తళ్లతో, పాల ప్యాకెట్లతో, పిల్లల డైపర్లతో కలిపి తొక్కించి తీసుకుపోతుంది. పచ్చి బొండంలో నీరే ఎక్కువ కనుక ఆరబెట్టే ఖర్చు ఎలాగూ ఉంటుంది; గుళ్ల దగ్గర, చట్నీకి కొబ్బరి తీసే టిఫిన్ సెంటర్లలో మిగిలే ముదురు చిప్ప ఇంకా మేలు. అదీ అదే బండి ఎక్కుతోంది.

బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థంతో బయోగ్యాస్, కరెంటు తీసే ప్లాంటును ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) పరిజ్ఞానంతో నెలకొల్పారంటే, అక్కడ వ్యర్థం ఒకేచోట, ఒకే తీరుగా దొరకడం కూడా ఒక కారణం. సోడియం అయాన్ బ్యాటరీలపై పరిశోధన చేస్తున్న ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ మన బాలాపూర్‌లోనే ఉంది. కనుక నగరపాలక అధికారులు ముందుగా ఒక్క వార్డులోనైనా చిప్పలకు వేరే సంచి పెట్టించి, తెచ్చి ఇచ్చినవారికి కిలోకు ఇంతని కట్టి, అలా పోగైన సరుకును పరీక్షకు పంపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
తార్నాక, హైదరాబాద్