బంధువు చెప్పిన టైము కేస్‌షీటులో ఉండాలి

సంపాదకులకు,

చెయ్యీ కాలూ పడిపోయి, మూతి వంకరపోయి వచ్చిన మనిషిని చూస్తే పక్షవాతమని గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చెప్పేస్తాడు. ఆసుపత్రుల్లో చేజారిపోతున్నది ఆ కేసు కాదు. ఉన్నట్టుండి తల తిరిగి, వాంతులై, నిలబెడితే ఒక పక్కకు తూలిపోతున్న మనిషికి గ్యాస్ అనో, చెవిలో తేడా అనో ఇంజెక్షను చేసి ఇంటికి పంపేస్తున్నారు. మాట తడబడితే షుగర్ పడిపోయిందంటారు. షుగర్ చూడాల్సిందే. వేలు గుచ్చి చూడటానికి నిమిషం చాలు, అది బాగా పడిపోతే అచ్చం పక్షవాతంలాగే కనబడుతుంది కూడా. కానీ రీడింగ్ మామూలుగా వచ్చాక కూడా మాట తడబడుతూనే ఉంటే ఆ కారణం ఇక చెల్లదు.

వేరే జబ్బుతో వార్డులో చేరినవాళ్ల సంగతి మరీ ఘోరం. ఆపరేషనైన మర్నాడు "ఒకటి అడిగితే ఇంకోటి చెబుతున్నారండీ" అని భార్య మొత్తుకుంటే "మత్తు దిగలేదమ్మా, పడుకోనివ్వండి" అంటారు. మత్తు మనిషి మొత్తాన్ని మందగింపజేస్తుంది, ఒక్క కుడిచేతినే ఏరి పట్టుకోదు. వెన్నుకిచ్చే మత్తయితే రెండు కాళ్లనూ పడుతుంది. ఒక్క చెయ్యికో కాలికో మొద్దుబారే ఇంజెక్షను ఇచ్చి ఉంటే ఆ సంగతి ఎనస్తీషియా చార్టులో ఉంటుంది, తీసి చూడొచ్చు. అదేమీ లేకుండా ఒక పక్కే బలం తగ్గినా, చూపు ఒకే వైపుకు లాగేసినా డాక్టరును అప్పటికప్పుడు పిలవాలి. పొద్దున రౌండ్స్ దాకా ఆగకూడదు.

బంధువు మాటకు ఇంత విలువ ఎందుకంటే, వైద్యం లెక్కంతా దాని మీదే నడుస్తుంది. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షనుకు గడువు నాలుగున్నర గంటలు. ఆ గడువు ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి మొదలవదు, మనిషిని చివరిసారి బాగా ఉండగా చూసినప్పటి నుంచి మొదలవుతుంది. రాత్రి 10కి పడుకున్న మనిషి తెల్లవారి 5కి లేచేసరికి చెయ్యి లేవకపోతే లెక్క 10 నుంచే. అప్పటికే 7 గంటలు దాటాయి. కానీ 3 గంటలకు ఆయన బాత్‌రూముకు లేచి, మంచినీళ్లు తాగి, మామూలుగా మాట్లాడి పడుకున్నారని ఇంటావిడకు గుర్తొచ్చిందనుకోండి, ఆ 7 గంటలు 2 గంటలైపోతాయి. ఇంజెక్షనుకు దారి తెరుచుకుంటుంది. ఈ సమాచారం ఏ స్కానింగ్‌లోనూ కనబడదు, మంచం పక్కన కూర్చున్న మనిషినే అడగాలి. పెద్ద నాళం మూసుకుంటే గొట్టం పంపి గడ్డను లాగేసే వైద్యానికి కొందరిలో 24 గంటల దాకా వీలుంది. అందుకని టైము దాటిపోయిందని ఇంట్లోవాళ్లే తేల్చేసుకోవద్దు.

"సీటీ నార్మల్" అన్న రెండు మాటలు చాలా కొంపలు ముంచుతున్నాయి. మొదటి గంటల్లో సీటీ తీసేది ముఖ్యంగా మెదడులో రక్తస్రావం ఉందో లేదో తెలుసుకోవడానికి. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతం తొలి గంటల్లో అందులో కనబడకపోవడం మామూలే. మెదడు వెనుక భాగంలో వచ్చినదైతే మొదటి ఒకటి రెండు రోజులు ఎంఆర్ఐలో కూడా దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు డాక్టరు మంచం దగ్గర స్వయంగా చేసే పరీక్షే దిక్కు: ముక్కునూ డాక్టరు వేలినీ మార్చి మార్చి తాకమనడం, ఆనుకోకుండా కూర్చోబెట్టడం, నాలుగడుగులు నడిపించడం, కళ్ల కదలిక చూడటం. తల తిరుగుడని వచ్చిన మనిషిని ఒక్కసారైనా నడిపించి చూడకుండా డిశ్చార్జి చేయడం తప్పు. లక్షణాలు వచ్చి వాటంతటవే తగ్గినా సరే, తర్వాతి రెండు రోజులే అసలు గండం.

తొందరపాటుతో జరిగే హాని ఇంకొకటుంది. బీపీ 180 కనబడగానే నాలుక కింద మాత్ర పెట్టి దించేస్తారు. నాళం మూసుకున్నప్పుడు మెదడులో ఆ భాగం ఈ ఎక్కువ ఒత్తిడి మీదే బతుకుతుంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షను ఇవ్వాలంటే 185/110 లోపుకు తేవాలి, ఇవ్వనప్పుడు సాధారణంగా 220/120 దాటేదాకా ముట్టుకోరు. రక్తస్రావమైతే లెక్క వేరు, అందుకే ముందు సీటీ. ఆస్పిరిన్ కూడా సీటీ తర్వాతే. మింగగలుగుతున్నాడో లేదో చూడకుండా కాఫీ గాని, మాత్ర గాని నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బంధువులు చేయగలిగింది ఉంది. లక్షణం కనబడగానే ఫోనులో పది సెకన్లు వీడియో తీయండి: నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తమనండి, పేరు చెప్పమనండి. డాక్టరు వచ్చేలోగా తగ్గిపోయినా సాక్ష్యం, టైము రెండూ ఉంటాయి. "పక్షవాతమేమో అని అనుమానంగా ఉంది" అని ఆ మాటతోనే చెప్పండి, నీరసంగా ఉన్నారని కాదు. సీటీ లేని నర్సింగ్ హోములో సెలైను పెట్టించుకుంటూ కూర్చోవద్దు, 108కి చెప్పేటప్పుడే సీటీ ఉన్నచోటికని చెప్పండి. తర్వాత అనుమానముంటే రికార్డులు రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళిలోనే ఉంది.

ఆసుపత్రుల యాజమాన్యాలను, సూపరింటెండెంట్లను కోరేది చిన్నదే. క్యాజువాలిటీ చీటీ మీద, వార్డు కేస్‌షీటు మీద రెండు గళ్లు అచ్చు వేయించండి: "చివరిగా బాగున్న టైము", "చెప్పినవారు". ఆ గళ్లు నింపనిదే నర్సు గాని, డ్యూటీ డాక్టరు గాని సంతకం చేయకూడదు.

— ఒక విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్, గుంటూరు